గర్భసంచి తీసిన పిమ్మట



దివిసీమనుండి వచ్చిన ముప్పదియారేండ్ల గృహిణి యొకామె కొంతకాలము క్రిందట మమ్ము ఇట్లడిగినది: “గర్భసంచి తీయించుకుని రెండేళ్ళయిందండీ, డాక్టరమ్మగారూ. బహిష్టు లేదు. అయినా నెలకోసారి రొమ్ములు సలుపుతాయి, కడుపు ఉబ్బుతుంది, కారణం లేకుండా ఏడుపొస్తుంది. నాలుగు రోజులకు అదే పోతుంది. ఒళ్ళు కూడా వచ్చింది. మా అత్తగారేమో ‘సంచే లేనిదానికి నెల బాధేమిటే’ అంటారు. నాకేమన్నా మతి చెడిందంటారా?”

ఆమెకు మతి చెడలేదు. అత్తగారి మాటలో దురుద్దేశమును లేదు. ఆపరేషనుకు ముందు చెప్పవలసిన సంగతి యొకటి ఆ ఇంట ఎవ్వరికిని ఎవ్వరును చెప్పలేదు. నేడు మేము ఆ సంగతియే విన్నవింపదలచితిమి.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తమున నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. రాష్ట్రములన్నిటిలోను ఇదియే హెచ్చు. దేశమున ఈ ఆపరేషను జరిగినవారిలో సగముమందికి అప్పటికి 34 ఏండ్లు దాటలేదు. అనగా, బహిష్టులు సహజముగా ఆగిపోవు వయస్సునకు ఇంకను పదేండ్లకు పైబడిన వ్యవధి యున్నదన్నమాట. ఆ పదేండ్లలో శరీరము ఎట్లు నడుచునో తెలిసికొనుట అవసరము కాదా?

స్త్రీ శరీరమున నెలను నడుపునది గర్భాశయము కాదు. దానికి ఇరుప్రక్కలనుండు రెండు అండాశయములు. మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ ననుసరించి అవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అను హార్మోనులను రక్తములోనికి విడుచును. అండము విడుదలయిన పిమ్మట రమారమి రెండు వారములు ప్రొజెస్టెరోన్ హెచ్చుగా నుండి, పిదప రెండును తగ్గును. అప్పుడు గర్భాశయపు లోపొర ఊడి రక్తముతో వెడలుటయే బహిష్టు. రొమ్ములు, ప్రేగులు, మెదడు కూడ ఆ హెచ్చుతగ్గులకు లోబడియే యున్నవి.

మన డెల్టా రైతునకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద వదలిన నీరు బందరు కాలువలో పారుచుండగా, ఒక చేనికి పోవు బోదెను పూడ్చినచో ఆ చేనికి నీరు రాదు. అంతమాత్రమున కాలువ ఎండునా? గర్భాశయము తీసి అండాశయములను ఉంచినప్పుడు జరుగునది ఇదియే. రక్తము కనబడదు, నెల మాత్రము లోలోపల నడచుచునే యుండును.

కనుక ప్రతి స్త్రీయు మొదట తెలిసికొనవలసినది, తనకు తీసినదేది, ఉంచినదేది అను విషయము. “సంచి తీసేశారు” అను ఒక్క మాటలో మూడు వేర్వేరు ఆపరేషనులు ఇమిడియున్నవి. మొదటిది, గర్భాశయముయొక్క పైభాగమును మాత్రమే తీసి ముఖద్వారమును ఉంచుట. ఇట్టివారిలో కొందరికి నెలనెలా కొద్దిపాటి రక్తపు మరక కనబడవచ్చును. ముఖద్వారపు క్యాన్సరు పరీక్షలను కూడ వీరు మానరాదు. రెండవది, ముఖద్వారముతో సహా గర్భాశయమును తీసి అండాశయములను ఉంచుట. మూడవది, అండాశయములను కూడ తీసివేయుట. ఈ మూడవదానిలో మాత్రమే నెల ఒక్కసారిగా నిలిచిపోవును. ఆసుపత్రివారిచ్చిన డిశ్చార్జి కాగితములో ఈ వివరముండవలెను. లేనిచో అడిగి వ్రాయించుకొని, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుకొనవలెను.

అండాశయములున్న స్త్రీకి నెలనెలా వచ్చు బాధను గుర్తించు ఉపాయము సులభమైనది. గోడమీది క్యాలెండరులో బాధగా నున్న దినములకు ఒక గుర్తు పెట్టుడు. మూడు నెలలు గడచిన పిమ్మట చూచినచో, ఆ గుర్తులు ఇంచుమించు నాలుగు వారములకొకసారి గుంపుగా వచ్చి, నడుమ మంచి దినములుండినయెడల, అది అండాశయముల నెల అని ఎరుగుడు. అది భ్రమ కాదు. నటన అంతకన్న కాదు. ఆ దినములలో ఉప్పు తగ్గించి, వేళకు నిద్రించి, కొంత నడచినచో చాలమందికి ఉపశమనము కలుగును. పని చేసికొనలేనంత బాధయైనచో డాక్టరు వద్ద మందులున్నవి.

ఇక బరువు మాట. నెలలోని ఆ దినములలో శరీరము నీటిని నిలువ చేసికొనుటచే ఒకటి రెండు కిలోలు హెచ్చి, తిరిగి తగ్గవచ్చును. ఆవకాయ, అప్పడములు, ఎండుచేపలు ఆ దినములలో ఎక్కువగా తినినచో నీరు ఇంకను నిలుచును. ఇది కొవ్వు కాదు. కనుక దీనిని చూచి కంగారుపడి ఉపవాసములు చేయరాదు. వారమున కొకసారి, ఒకే దినమున, ఉదయము పరగడుపున తూచుకొనుడు. నెల మొత్తమును కలిపి చూచినగాని నిజమైన పెరుగుదల తెలియదు.

నిజముగనే బరువు పెరిగినవారి సంగతి వేరు. సహజమైన గర్భాశయపు బరువు చాల స్వల్పము. అది పోయిన చోటు కొవ్వుతో నిండుననుట సరికాదు. మా యొద్దకు వచ్చువారిని విచారించినచో తరచుగా వేరొక కారణము బయటపడును. ఆపరేషను తరువాత రమారమి ఆరు వారములు బరువులు ఎత్తవద్దని డాక్టరు చెప్పును. ఆ ఆరు వారములు మన ఇండ్లలో ఆరేండ్లగును. నాట్లకు, కలుపుకు పోయిన మనిషి అరుగు దిగదు. పథ్యమని నేయి, మెత్తని తెల్లన్నము మూడు పూటల నడచును. పని సగమై, తిండి అంతయే యుండినచో ఒళ్ళు రాక మానునా? డాక్టరు అనుమతించిన పిమ్మట ప్రతిదినము అరగంటయైనను కాలువగట్టున నడువుడు. అన్నము ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, మజ్జిగ, వీలైనవారు గ్రుడ్డో చేపయో చేర్చుకొనుడు. ఇంత చేసినను బరువు పెరుగుచు, చలికి తాళలేకపోవుట, మలబద్ధకము, నీరసము ఉండినచో థైరాయిడు పరీక్ష చేయించుకొనుడు.

మరియొక హెచ్చరిక. అండాశయములను ఉంచినను, గర్భాశయము తీసినవారిలో కొందరికి అవి ముందుగానే అలసిపోవును. న్యూజిలాండులో జరిగి 2005లో ప్రకటితమైన పరిశీలనలో ఇట్టివారికి సగటున 3.7 ఏండ్లు ముందుగా అండాశయముల పని ఆగినట్లు తేలినది. బహిష్టు లేనందున ఈ మార్పును కనిపెట్టుటకు గుర్తుండదు. ఒళ్ళంతయు ఆవిరులు క్రమ్ముట, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవుట నెలతో సంబంధము లేక కొనసాగినచో డాక్టరుకు చెప్పవలెను. ఈస్ట్రోజెన్ చిన్నవయస్సునందే తగ్గినచో ఎముకలు పలుచబడును. గుండెకును ముప్పు కలదు. దీనికి హార్మోను చికిత్స యున్నది. అయితే రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తము గడ్డకట్టు వ్యాధిగలవారికి అది సాధారణముగా తగదు గనుక, మందుల దుకాణములో అడిగి కొని వాడరాదు. కడుపు ఉబ్బు తగ్గక పెరుగుచున్నను, హెచ్చుగా రక్తము కనబడినను, కాళ్ళవాపుతో ఆయాసము వచ్చినను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఆపరేషను అవసరమైనవారికి అది ప్రాణరక్షకము. అవసరము లేని ఆపరేషనులను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో మార్గదర్శకములను వెలువరింపగా, వాటిని మూడు నెలలలో అనుసరింపవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రముల నాదేశించినది. కనుక మందుతో నయమగునా అని అడుగుటకు, రెండవ డాక్టరును సంప్రతించుటకు ఏ స్త్రీయు జంకనక్కరలేదు.

దివిసీమ గృహిణి మూడు నెలల క్యాలెండరుతో మరల వచ్చినది. గుర్తులు నాలుగేసి వారముల ఎడముతో వరుసగా నుండెను. ఈసారి అత్తగారును వెంట వచ్చినది. ఆ కాగితమును చాలసేపు చూచి, “మా రోజుల్లో మాకిది ఎవరు చెప్పారండీ?” అన్నది. ఆమెకును ముప్పదిరెండవ ఏట ఆ ఆపరేషనే జరిగినదట. తన బాధను ఎవ్వరితోను చెప్పుకొనక ఇన్నాళ్ళు మోసినదట.

మీ ఇంట ఈ ఆపరేషను జరిగినవారుండినచో, నేటి రాత్రి ఒక్కమాటు వారిని అడుగుడు: నెలలో ఎప్పుడైన బాధగా ఉంటున్నదా అని. సమాధానమును నమ్ముడు. సెలవు.