మేత మారితే పొట్ట మారాలి

ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ పశువైద్యులు తమ ఉద్యోగమంతా ఈ గోదావరిఖని బొగ్గుబాయిల ప్రాంతంలోనే చేశారు. చచ్చిన గొర్రెను కోసి చూడకుండా రోగం పేరు చెప్పేవారు కాదు. కోసినప్పుడు ముందుగా చూసేది గొర్రె నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్దపొట్టనే. అందుకే ఈ రోజు ఆ పొట్ట లోపలి పొర గురించి మాట్లాడతాను.

బోటి కడిగినవాళ్ళందరికీ ఈ పొర తెలుసు. పెద్దపొట్టను తిరగేస్తే తువ్వాలు మీది నూలుపోగుల్లా ఒత్తుగా బుడిపెలు కనిపిస్తాయి. పచ్చిమేత, దాణా సమంగా తిన్న గొర్రెలో అవి పొడుగ్గా, వెడల్పుగా ఉంటాయి. వేసవంతా ఎండుగడ్డితో నెట్టుకొచ్చిన గొర్రెలో పొట్టిగా, పలచగా ఉంటాయి. గడ్డి తగ్గించి గింజలే మేపిన గొర్రెలో నల్లబడి, గట్టిపడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వాటి మధ్య వెంట్రుకలు, దుమ్ము ఇరుక్కొని ఉంటాయి. గొర్రె కొన్ని వారాలుగా ఏం తిన్నదో ఆ పొరే చెబుతుంది.

గొర్రె తిన్న గడ్డిని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. గొర్రె శక్తిలో సగానికి పైగా ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. వాటిని రక్తంలోకి పంపేది ఆ బుడిపెలే. ఆ బుడిపెలను పెంచేదీ ఆ ఆమ్లాలే. 1959లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లేగదూడల పొట్టలో బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లవణాలు వేసి చూస్తే బుడిపెలు పెరిగాయి. అంతకుముందు స్పాంజి ముక్కల్లాంటి వాటితో పొట్ట నింపి చూస్తే గోడ కండ మాత్రమే బలపడింది. గొర్రెపిల్ల సంగతీ ఇంతే. పాలు పెద్దపొట్టను తాకకుండా నేరుగా నాలుగో పొట్టకు పోతాయి కాబట్టి వాటితో బుడిపెలు పెరగవు. అందుకే రెండు మూడు వారాల వయసు నుంచే పిల్లలకు కొద్దికొద్దిగా దాణా, లేత మేత అందాలి.

చిక్కంతా వేగంలో ఉంది. మేత ఒక్క పూటలో మారుతుంది. సూక్ష్మజీవులు కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. పొర సర్దుకోవడానికి మాత్రం వారాలు పడతాయి. ఈ ఎడంలోనే గొర్రెలు చస్తాయి.

ఈ లెక్కను ఒక పథకానికి వేసి చూద్దాం. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పటి ధర లక్షా 25 వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. మందలు ఎక్కువగా ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి లారీల్లో వచ్చాయి. 2019 పశుగణనలో కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కాపరి కులాలకు ఇది గౌరవం తెచ్చిన పథకమని నా అభిప్రాయం. కానీ పొట్ట లెక్కన చూడండి. రెండు రోజులు మేత లేకపోతే గొర్రె పెద్దపొట్ట పొర ఆమ్లాలను పీల్చుకునే శక్తి బాగా పడిపోతుందని జర్మనీ పరిశోధకులు గొర్రెల మీదే తేల్చారు. లారీ ప్రయాణం అలాంటి పస్తే. లారీ దిగగానే నీరసంగా ఉన్నాయని ఇంటివాళ్ళు ప్రేమకొద్దీ మక్కలు, బియ్యం పెడతారు. బయట చూస్తే తొలకరి పచ్చిక! పీల్చుకోలేని పొర మీద ఆమ్లం పేరుకుంటుంది.

ఆ తర్వాత జరిగేది వేగంగా జరుగుతుంది. గింజల పిండిపదార్థం మీద స్ట్రెప్టోకోకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. మామూలుగా 6, 7 మధ్య ఉండే పొట్ట పీహెచ్ 5 కంటే కిందికి దిగుతుంది. ఒంట్లోని నీరు పొట్టలోకి లాగబడుతుంది, కళ్ళు లోతుకు పోతాయి, నెమరు ఆగుతుంది, పుల్లవాసనతో పారుతుంది. పొర పుండ్లు పడితే ఫ్యూజోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే మరో బ్యాక్టీరియా ఆ దారిన కాలేయం చేరి చీముగడ్డలు కట్టిస్తుంది. బతికిన గొర్రె కూడా త్వరగా కోలుకోదు. తొలకరి పచ్చిక మీద వచ్చే చిటుక రోగం వేరు. అది పేగుల్లో పుట్టే విషం. దానికి వానలకు ముందే వేయించే టీకా ఉంది. ఆమ్లానికి టీకా లేదు.

లారీల్లో రాని మందలకూ ఈ ముప్పు తప్పదు. గోదావరిఖని, రామగుండం చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనులు తవ్విన చోట బీళ్ళు పోయాయి. వాటి స్థానంలో మట్టిగుట్టలు లేచాయి. మందలు వరికొయ్యల మీద, వడ్ల కల్లాల మీద ఆధారపడుతున్నాయి. యాసంగి కోతలప్పుడు కొనుగోలు కేంద్రం దగ్గర రాలిన వడ్లకు ఆకలి మీదున్న మంద ఎగబడితే కొన్ని కూలబడతాయి. కాపరిని తప్పుపట్టి లాభం లేదు, అతనికి వేరే బీడు మిగల్లేదు.

చేయవలసింది ఖర్చుతో కూడిన పని కాదు. కల్లాల వైపు తోలేముందు ఎండుగడ్డితో కడుపు నింపండి. కొత్త దాణా గొర్రెకు రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి. గింజలు మెక్కిన గొర్రెకు దాణా ఆపి, ఎండుగడ్డి వేసి, వెంటనే డాక్టరును పిలవండి. ఆయన వచ్చేదాకా గంజి మాత్రం పోయకండి.

పశుసంవర్ధక శాఖకు ఒక మనవి: ఇక ముందు గొర్రెలను లారీ ఎక్కించే చోట, అవి అక్కడ తింటున్న ఎండుమేతను పదిహేను రోజులకు సరిపడా వాటితో పాటే పంపండి. ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థ అధికారులకు మరొకటి: పూడ్చిన గనుల మీద మొక్కలు పెట్టేటప్పుడు సుబాబుల్, అవిశ, దశరథ గడ్డికి కొంత నేల కేటాయించి, చుట్టుపక్కల కాపరులను కోసుకోనివ్వండి.