నింద పడ్డవాడు నేరస్థుడేనా?



మనం సరిహద్దు జిల్లాలవాళ్ళం. ఇంట్లో తెలుగు, బజారులో మరో భాష, కోర్టు కాగితాల్లో చాలాచోట్ల ఇంగ్లీషు. ఆ కాగితాల్లో తరచు కనిపించే ఒక ఇంగ్లీషు మాట గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆ మాట 'అక్యూజ్'.

అక్యూజ్ అంటే 'ఈ తప్పు నువ్వు చేశావు' అని ఒకరిమీద నేరం మోపడం. దీనికి మూలం లాటిన్‌లోని 'కౌసా' అనే మాట. కారణమనీ, వ్యాజ్యమనీ దానికి అర్థం. సంజాయిషీ చెప్పుకోమని పిలవడమే అక్యూజ్‌కు మొదటి అర్థం. అంటే, ఎదుటివాడు జవాబు చెప్పుకోవడానికి ఆ మాటలోనే చోటు ఉందన్నమాట.

వాడుకలో మన పిల్లలు ఒక పొరపాటు చేస్తుంటారు. 'అక్యూజ్డ్ ఫర్ థెఫ్ట్' అని రాస్తారు. 'అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్' అనాలి. 'ఫర్' వచ్చేది 'బ్లేమ్' తరవాత. చట్టప్రకారం అభియోగం మోపడాన్ని చెప్పే 'చార్జ్' తరవాత 'విత్' వస్తుంది. అర్థంలోనూ తేడా ఉంది. పంట పోతే వానను బ్లేమ్ చేయవచ్చు. అక్యూజ్ చేయడం కుదరదు. వాన వచ్చి సంజాయిషీ చెప్పుకోదు కదా!

ఇక 'అక్యూజ్డ్' అనే మాట చూడండి. తెలుగు పత్రిక 'నిందితుడు' అంటుంది. బళ్ళారిలో కన్నడ పత్రిక 'ఆరోపి' అంటుంది. హోసూరులో తమిళ పత్రిక 'కుట్రం సాట్టప్పట్టవర్' అంటుంది. బరంపురంలో ఒడియా పత్రిక 'అభియుక్త' అంటుంది. మాటలు నాలుగు, అర్థం ఒకటే. నేరం మోపబడినవాడని అర్థం. నేరం చేసినవాడని కాదు. విచారణ జరిగి, నేరం రుజువైన తరవాతే దోషి. ఇంగ్లీషులో 'కన్విక్ట్' అనేది అతణ్ణే. నేరం మోపబడిన వ్యక్తిని తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు చెబుతోంది.

ఊళ్ళో మనం ఈ తేడా పాటిస్తున్నామా? పక్కింటి కుర్రవాణ్ణి స్టేషనుకు పిలిచారని తెలిస్తే చాలు, సాయంత్రానికి దొంగ అనేస్తాం. తరవాత కోర్టు నిర్దోషి అన్నా, ఆ మాట అతణ్ణి వదలదు. పెళ్ళి సంబంధం దగ్గరా, ఉద్యోగం దగ్గరా వెంటాడుతుంది.

ఏ రాష్ట్రంలో స్థిరపడినా వినాయక చవితినాడు మన ఇళ్ళలో శమంతకమణి కథ చెప్పుకుంటాం. ప్రసేనుణ్ణి చంపింది సింహం. నింద పడింది కృష్ణుడి మీద. ఆయన అడవిలో జాడలు వెతికి, జాంబవంతుడి గుహదాకా వెళ్ళి, మణి తెచ్చి ఇచ్చాక గాని సత్రాజిత్తుకు తన తప్పు తెలియలేదు. అంతటి కృష్ణుడికే నీలాపనింద పోగొట్టుకోవడానికి అంత శ్రమ అయితే, మామూలు మనిషి మాటేమిటి?

అక్షతలు వేసుకుని నాకు నీలాపనింద రాకూడదని ప్రతి ఏడూ కోరుకుంటున్నాం. నా నోటి వెంట మరొకరికి రాకూడదని కూడా కోరుకుందాం.