కూలికి ఆడినవాడు



మా పీఈటీ సారు మాకు చిర్రగోనె నేర్పలేదు, అది మాకు ముందే వచ్చు. ఆటతో బతుకుదెరువు కూడా ఉంటుందని చెప్పిండు. ఆ మాట ఇంట్లో చెప్తే మా నాయన నమ్మలేదు. సారు పేరిట నల్లగొండలో మాట్లాడమంటే, ఆ మాటను మొదట నిజం చేసినవాళ్లలో ఒకరి కథ చెప్పాలనిపించింది.

అతను లిప్‌మన్ పైక్. 1845లో న్యూయార్క్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. అతనిది ఎడమచేతి వాటం, ఆట బేస్‌బాల్. చిర్రగోనె ఆడినవాళ్లకు అదేమీ కొత్తగా తోచదు. కర్రతో కొట్టాలి, కొట్టింది నేలకు తాకకముందే ఎవరైనా పట్టుకుంటే ఔట్. 1866లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు అతనికి వారానికి 20 డాలర్లు ఇచ్చి ఆడించుకుంది. ఆటకు డబ్బు ముట్టడం అప్పటి బేస్‌బాల్ సంఘం నిబంధనలకు విరుద్ధం. పైక్ మీద విచారణ కూడా పెట్టారు. దానికి ఎవరూ హాజరుకాక అది వీగిపోయింది.

ఆ నిబంధన గురించి నేను చాలా ఆలోచించాను. అది ఆటను శుభ్రంగా ఉంచడానికని చెప్పేవాళ్లు. కానీ కూలి వద్దనగలిగేది ఎవరు? ఇంట్లో గింజలున్నవాడు. పొద్దంతా పని చేస్తేనే పొయ్యి వెలిగేవాడికి ఆ నిబంధన మైదానం గేటుకు వేసిన తాళం.

1869లో సిన్సినాటి జట్టు బహిరంగంగానే జీతాలిచ్చింది. 1871లో వృత్తి ఆటగాళ్ల సంఘం పుట్టింది. పైక్ ట్రాయ్ జట్టులో ఆడుతూ ఆ జట్టును నడిపించాడు కూడా. 1873లో బాల్టిమోర్‌లో గుర్రంతో పోటీగా 100 గజాలు ఉరికి గెలిచి 250 డాలర్లు ఇంటికి తెచ్చుకున్నాడు. ఆట మానేశాక బ్రూక్లిన్‌లో దుకాణం పెట్టుకున్నాడు. 48వ ఏట, 1893లో పోయాడు.

అయితే ఆ గేటు అందరికీ తెరుచుకోలేదు. నల్లజాతి ఆటగాళ్లను 1880లలోనే బయటికి నెట్టారు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా పెద్ద లీగుల్లో వాళ్లకు చోటు లేదు. ఆ అరవై ఏళ్లలో ఎన్ని చేతులు వృథా అయ్యాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మన దగ్గర ఆటకు జీతం పోలీసు ఉద్యోగం రూపంలో వచ్చింది. బడిలో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. 1950 నుంచి వరుసగా 5 రోవర్స్ కప్పులు ఆ జట్టువే. రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. నెలనెలా జీతం, ఒంటి మీద యూనిఫాం, ఆటకు తీరిక: ఈ మూడూ ఒకచోట కూడితే ఏమవుతుందో ఆ జట్టే చూపింది.

ఇవాళ నల్లగొండలో, పాలమూరులో తెల్లారకముందే పిల్లలు రోడ్ల మీద ఉరుకుతున్నారు. కానిస్టేబుల్ పరీక్షకు మగపిల్లలు 1600 మీటర్లు ఉరకాలి. టైం చూసేటోళ్లు లేక సెల్‌ఫోన్ రాయికి ఆనించి పెట్టుకుంటున్నారు. మా కాలంలో ఆ పనికి సారు ఉండేవాడు, మెడలో విజిల్‌తో, ఐదు కొట్టకముందే.