కోట ఎవరిది?



భయానక సాహిత్యం మీద ఒక సదస్సు పెట్టుకోవడానికి మనకింత కాలం పట్టిందంటే, అందుకు మన మొహమాటమే కారణం. భరతుడు ఎనిమిది రసాల్లో భయానకానికి ఏనాడో పీట వేశాడు. మనం మాత్రం ఆ పుస్తకాలు రాత్రిపూట చదివి, పొద్దున్నే పరుపు కింద దాచేశాం. కార్యక్రమ పత్రం చూశాను. దెయ్యం మీద, మనస్తత్వం మీద, సినిమా మీద పత్రాలున్నాయి. సంతోషం. అందులో ఎవరూ ఎత్తుకోని సంగతి ఒకటి నేను ఎత్తుకుంటాను. అది ఆస్తి.

పాత కోటల చుట్టూ భయాన్ని అల్లే గోథిక్ నవల పుట్టడమే ఒక దొంగ వీలునామాతో పుట్టింది. 1764 డిసెంబరు 24న లండన్‌లో ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 500 ప్రతులతో బయటికొచ్చింది. మూలం ఇటాలియన్ అనీ, 1529లో నేపుల్స్‌లో అచ్చయిందనీ, ఉత్తర ఇంగ్లండులో ఓ పాత కాథలిక్ కుటుంబం వారి గ్రంథాలయంలో దొరికిందనీ అందులో చెప్పుకున్నారు. అంతా కట్టుకథే. రాసినవాడు హోరేస్ వాల్పోల్, ప్రధానిగా చేసిన రాబర్ట్ వాల్పోల్ కొడుకు. పుస్తకానికి మంచి గిరాకీ వచ్చాక, రెండో ముద్రణలో నేనే రాశానని బయటపడ్డాడు.

కథ మొదలైన కాసేపటికే, పెళ్లికొడుకు కాన్రాడ్ పెళ్లిరోజున, ఎక్కడినుంచో వచ్చిపడ్డ బ్రహ్మాండమైన శిరస్త్రాణం కింద నుజ్జయి చచ్చిపోతాడు. ఇవాళ చదివితే నవ్వొస్తుంది. వాల్పోల్ కూడా కొంత నవ్వుకుంటూనే రాశాడేమోనని నా అనుమానం. సరే, ఆ శిరస్త్రాణం ఎవరిది? ఆల్ఫొన్సో అనే పాత ప్రభువుది. పెళ్లికొడుకు ముత్తాత ఆయన దగ్గర కొలువు చేస్తూ, ఆయనకు విషం పెట్టి, లేని వీలునామా పుట్టించి కోట కాజేశాడు. అసలు యజమాని ఆ కోటలో పట్టనంత పెరిగిననాడు అది చేతులు మారుతుందని జోస్యం. అందుకే ఆల్ఫొన్సో కథ పొడుగునా ముక్కలు ముక్కలుగా అగుపిస్తాడు. ఒకసారి కాలు, ఒకసారి ఇనుప తొడుగు వేసుకున్న చెయ్యి. చివరికి గోడలు కూల్చుకుంటూ నిలువెత్తున లేచి, నిజమైన వారసుడి పేరు చెప్పి పైలోకానికి వెళ్లిపోతాడు. ఎవరి రక్తమూ తాగడు. ఆయన వచ్చింది దావా గెలుచుకోవడానికి.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఆన్ రాడ్‌క్లిఫ్ ఆ దావాను ఆడవాళ్ల వైపు నుంచి నడిపింది. 1794లో వచ్చిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’కు ఆమెకు ముట్టిన సొమ్ము 500 పౌండ్లు, అప్పట్లో నవలకు అంత ఇవ్వడం అరుదు. నాయిక ఎమిలీ తల్లీతండ్రీ లేని పిల్ల. ఆమె మేనత్తను పెళ్లాడిన మొంటోనీ ఇద్దరినీ కొండల్లోని కోటకు తీసుకుపోతాడు. అక్కడ అతను అడిగేది ఒకటే, సంతకం. మేనత్త తన పేరనున్న భూములు రాసివ్వనంటుంది. బురుజు గదిలో బంధిస్తాడు. ఆమె పోయాక ఆ కాగితాలే ఎమిలీ ముందుకొస్తాయి. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ ఆస్తి, ముందే విడిగా కట్టుదిట్టం చేసుకుంటే తప్ప, భర్త చేతిలోకి పోయేది. 1870లో, 1882లో చట్టాలు వచ్చేదాకా అదే పద్ధతి. ఆ పుస్తకం పట్టుకుని వణికిన పాఠకురాలికి మొంటోనీ కొత్తవాడేం కాదు.

ఆ కోటలో ఒక నల్ల తెర ఉంది. ఎమిలీ దాన్ని తొలగించి చూసి, స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో రాడ్‌క్లిఫ్ చెప్పదు. వందల పేజీల తర్వాత, పుస్తకం ముగుస్తుండగా చెబుతుంది. అది పురుగులు తొలుస్తున్న శవంలా చేసిన మైనపు బొమ్మ, పూర్వం ఆ వంశంలో ఒకడికి చర్చి వేసిన శిక్ష. రోజూ దాని ముందు కూర్చుని చూడాలి. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే ఉన్న వాక్యాన్ని మాత్రం విమర్శకులు తరచు దాటేస్తారు. ఆ పెద్దమనిషి తన వీలునామాలో షరతు పెట్టాడు: వారసులు ఆ బొమ్మను అలాగే కాపాడాలి, లేకపోతే ఎస్టేటులో కొంత భాగం చర్చికి పోతుంది. ఇంట్లో శవం ఎందుకుందయ్యా అంటే, తీసేస్తే భూమి పోతుంది కనక!

భయం వెనకున్న ఈ ఆస్తి సంగతిని అందరికంటే ముందు పసిగట్టింది, గోథిక్‌ను వెక్కిరించిన జేన్ ఆస్టెన్. ‘నార్తాంగర్ అబీ’లో కేథరిన్ అర్ధరాత్రి పాత బీరువాలోంచి కాగితాల చుట్ట లాగుతుంది. తెల్లారి చూస్తే చాకలి పద్దులు. అందరం నవ్వుతాం. కానీ తర్వాత జరిగేదేమిటి? ఈ పిల్లకు ఆస్తి వస్తుందని నమ్మి ఆదరించిన జనరల్ టిల్నీ, రాదని తెలియగానే తోడు కూడా ఇవ్వకుండా ఇంట్లోంచి వెళ్లగొడతాడు. దెయ్యం అబద్ధమైంది. మొంటోనీ నిజంగానే ఉన్నాడు.

‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఇందులో ఇమడదని మీరు అంటారు. ఇమడకపోయినా నాకు బాధ లేదు, ఒక్క తాళంచెవికి అన్ని గదులూ తెరుచుకోనక్కర్లేదు. అయినా మేరీ షెల్లీ సృష్టించిన ఆ జీవి గోడ చాటునుంచి మనుషుల చదువు వింటూ నేర్చుకునే పాఠాల్లో, ఆస్తి పంపకం ఒకటి. వంశమూ సొమ్మూ రెండూ లేనివాడికి లోకంలో చోటు లేదని అక్కడే దానికి తెలుస్తుంది.

ఇక స్టోకర్ ‘డ్రాకులా’. 1897లో వచ్చిన ఆ నవలను సినిమాల్లో చూసినవాళ్లకు కోరలు గుర్తుంటాయి. చదివినవాళ్లు మొదటి అధ్యాయాలను మరోసారి తిరగేయండి. జోనథన్ హార్కర్ ట్రాన్సిల్వేనియాకు పోయింది దెయ్యాల పరిశోధనకు కాదు. అతను ఎక్సెటర్‌లో ఒక న్యాయవాది దగ్గర పనిచేసే కుర్రాడు. పర్‌ఫ్లీట్‌లో ఇరవై ఎకరాల ఆవరణ ఉన్న పాత ఇంటి కొనుగోలు కాగితాల మీద కౌంటు డ్రాకులా చేత సంతకాలు పెట్టించడానికి వెళ్లాడు. ఇంటి ఫొటోలు కొడాక్ కెమెరాతో తీసి తీసుకుపోయాడు. కౌంటు గ్రంథాలయంలో రైళ్ల వేళల పుస్తకం, న్యాయవాదుల జాబితా ఉంటాయి. ఇంగ్లండులో ఒకే మనిషి ఇద్దరు ప్లీడర్లను పెట్టుకోవచ్చా అని అడుగుతాడు. ఒకడికి తెలిసిన వ్యవహారం ఇంకొకడికి తెలియకూడదు మరి! మన పట్టణాల్లో స్థలాలు కొనేవాళ్లు కొందరు నాకు ఇక్కడ గుర్తొస్తారు. స్టోకర్ నవలలో నాకు నిజంగా భయం వేసేది అక్కడే. ఆ కౌంటు సరిహద్దు దాటివచ్చింది గబ్బిలమై కాదు, రిజిస్టరు చేయించుకున్న యజమానిగా.

మన వైపు చూద్దాం. లంకెబిందెలకు భూతం కాపలా ఉంటుందని విననివాళ్లు ఈ సభలో ఉండరు. బెంగాలులో ఆ నమ్మకం మీద రవీంద్రుడు ‘సంపత్తి సమర్పణ’ రాశాడు. యజ్ఞనాథుడనే పిసినారి, ఊరికి కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడిని తన ధనంతో పాటు భూగృహంలో పెట్టి మూసేస్తాడు, యక్షుడై కాపలా కాస్తూ అసలు వారసుడికి అప్పగిస్తాడని. తర్వాత కొడుకు తిరిగొచ్చి తన బిడ్డ కోసం వెతుకుతుంటే తెలుస్తుంది, సమాధి చేసింది సొంత మనవడినేనని. కథలో ఒక్క దెయ్యం కూడా కనిపించదు. అయినా అంతకంటే భయంకరమైన కథ నేను చదవలేదు.

తెలుగులో ఈ చర్చ వస్తే యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ దాటి పోలేం. ఆ పసిపిల్ల మీద చేతబడి జరిగేది ఆమె పేరున ఉన్న డబ్బు కోసం. దాని మీద రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ రాశారు. ఆ పోట్లాటలో ఎక్కువగా నలిగింది చేతబడి ఉందా లేదా అన్నదే. రంగనాయకమ్మ కోపాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. బాణామతి చేశారన్న నెపంతో మనుషుల్ని చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల పత్రికల్లో ఇంకా వస్తున్నాయి. ఆ వార్తలను చివరిదాకా చదివితే, చాలాసార్లు అడుగున ఒక పొలం తగాదా ఉంటుంది. చేతబడిని నిజమని చూపిస్తూ, వెనకున్న పొలాన్ని చూపించని రచయిత సగం కథే రాసినట్టు. చేతబడి అబద్ధమని చెప్పి ఊరుకున్న విమర్శకుడు రెండో సగాన్ని వదిలేసినట్టు.

మన వారపత్రికల్లో వచ్చిన భయానక సీరియల్స్, అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి చిరిగిపోయిన పాకెట్ పుస్తకాలు ఎక్కువగా పాత కాగితాల కొట్లకే చేరాయి. మిగిలినవాటినైనా పోగుచేయమని పరిశోధక విద్యార్థులను అడుగుతున్నాను. దొరికిన ప్రతి కథకూ రెండు ప్రశ్నలు వేయండి. ఆ పాడుబడ్డ మేడ ఎవరి పేరున ఉంది? కథ అయ్యేసరికి ఎవరి చేతికి వచ్చింది? జవాబులు నా వాదనకు అడ్డంగా నిలిస్తే ఇంకా మంచిది, వచ్చే సదస్సులో మాట్లాడుకోవడానికి పనికొస్తాయి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. తొలి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను.