విదూషకుని అంత్యక్రియలు

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పుదురు. కాని, రాకూడనిచోట వచ్చిన నవ్వు వెనుక ఏమున్నదో 1975 అక్టోబరు 25వ తేదీన అమెరికాలో సి.బి.ఎస్. ప్రసారము చేసిన ‘మేరీ టైలర్ మూర్ షో’ అను హాస్య ధారావాహికలోని ఒక భాగము చక్కగా చూపినది. రచన డేవిడ్ లాయిడ్. దర్శకత్వము జోన్ డార్లింగ్.

కథాస్థలము మినియాపొలిస్ నగరమందలి ఒక టెలివిజన్ వార్తావిభాగము. ఆ కేంద్రపు విదూషకుడు చకిల్స్ వేరుసెనగకాయ వేషముతో ఊరేగింపునకు పోగా, ఒక ఏనుగు అతనిని నిజమైన కాయయే యనుకొని ఒలువబోయినది. అతడు మరణించెను. తోటి ఉద్యోగులు పరిహాసములాడుచు నవ్వు ఆపుకొనలేకపోయిరి. మేరీ యొక్కతె వారిని మందలించినది. తీరా అంత్యక్రియల సభలో మతగురువు మృతుని హాస్యవేషములను గంభీరముగా స్మరించుచుండగా, ఆ మేరీకే నవ్వు ఆగలేదు. ఆయన కోపింపక, నవ్వించుటయే అతని వృత్తి గనుక తనివితీర నవ్వుమనెను. ఆ అనుమతి దొరకగానే ఆమె వెక్కి వెక్కి ఏడ్చినది.

కరుణ హాస్యములు విరోధిరసములని ఆలంకారికుల మతము. ఇచట ఒకటి రెండవదానికి త్రోవ చూపినది. ప్రసారవృత్తిలోనున్న మాకు ఇందొక నిజము కానవచ్చుచున్నది. మరణవార్తనైనను తొట్రుపడక చదివి, గడియారము చూచుకొని, తరువాతి కార్యక్రమమును ప్రకటింపవలసినవారము మేము. అణచిన దుఃఖము ఎక్కడికి పోవును? ఒక్కొక్కప్పుడు నవ్వై వెలికివచ్చును. పరామర్శకు పోయినచోట ఎవరైన నవ్విన, శ్రోతలారా, వెంటనే తప్పు పట్టకుడు. ఆ వెనుకనే కన్నీరుండవచ్చును.