తులసిదళం: పాపను బతికించింది ఎవరు?

భువనగిరి నుంచి మీ తమ్ముణ్ని. ఈ రోజు ఎపిసోడ్ ఒక నవల మీద. మీరు చదవకపోయినా ఇంట్లో అమ్మనో, చిన్నాయననో అడగండి, పేరు చెప్పగానే గుర్తుపడతారు. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది.

ఇది పాడుబడ్డ బంగ్లా కథ కాదు. ఉద్యోగం చేసుకునే శ్రీధర్, భార్య శారద, వాళ్ల చిన్నపాప తులసి. పాప పేరు మీద పెద్ద మొత్తం డబ్బు ఉంటుంది. దాని మీద కన్నేసినవాళ్లు పాప మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం చేయిస్తారు. అంటే మనలాంటి వాళ్ల ఇంట్లోకే చేతబడి వచ్చి కూర్చుంది. అందుకే జనం అంత భయపడ్డారు.

ఇప్పుడు క్లైమాక్స్ చెప్తున్నా, చదవాలనుకునేవాళ్లు ఇక్కడ ఆపేయొచ్చు. పాపను కాపాడటానికి ఒక దిక్కు వైద్యం, ఒక దిక్కు హిప్నాటిజం, ఇంకో దిక్కు మంత్రం, అన్నీ ఒకేసారి నడుస్తాయి. పాప బతుకుతుంది. దేనివల్ల? అది మన ఊహకే వదిలేశారు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ముగ్గురు మూడు ఫిక్స్‌లు ఒకేసారి పెడితే బగ్ పోతుంది, ఏ ఫిక్స్‌తో పోయిందో మాత్రం తెలియదు. అందుకే ఒక్కొక్కటిగా మార్చి చూస్తాం.

నవలలో ఆ అనుమానం మజా ఇస్తుంది. ఊళ్లో అదే ప్రాణం తీస్తుంది. మన దిక్కు జ్వరం వస్తే పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తారు, సాయంత్రం తాయెత్తు కట్టిస్తారు. నాలుగు రోజులకు తగ్గుతుంది. పేరు తాయెత్తుకు వస్తుంది. తాయెత్తు పనిచేసిందంటే ఎవరో ఏదో చేసినట్టే కదా! మరి ఎవరు? అప్పుడు వేలు ఒంటరి ముసలమ్మ మీదికో, భూమి పంచాయితీ ఉన్న పాలోళ్ల మీదికో పోతుంది. బాణామతి నెపంతో పళ్లు ఊడగొట్టడం, చంపడం తెలంగాణ పేపర్లలో మనం చదివినవే.

ఈ నవలను విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. నేనైతే చదవొద్దు అనను. నాకు కనిపించిన లోటు వేరే. నింద పడ్డ మనిషి వైపు నుంచి ఈ కథ నడవదు.

న్నెడి ఒకొరాఫోర్ 2011లో టీనేజ్ పిల్లల కోసం 'అకాటా విచ్' రాశారు. నైజీరియాలోని అబా నగరంలో ఉండే సన్నీకి పన్నెండేళ్లు. స్కూల్లో పిల్లలు ఏడిపించే ఆ అమ్మాయికే మంత్రశక్తి ఉంటుంది, హీరోయిన్ కూడా ఆమే.

అట్లాంటిది మన తెలుగులో రావాలి. మంత్రగత్తె అని ఊరు వెళ్లగొట్టిన నాయనమ్మతో ఉప్పల్‌లో అద్దెకుండే ఒక ఇంటర్ అమ్మాయి. ఆమె కథ ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటా. రాసే చెయ్యి మీదైతే ఇవాళే మొదలుపెట్టండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.