గుట్ట పక్కన ప్లాటు కొంటున్నారా?

సికింద్రాబాద్ దాటి మౌలాలి వైపు వెళ్తే గుట్టలు కనిపిస్తాయి. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పేల్చేస్తే మళ్లీ పుట్టదు.

మన హైదరాబాద్ నగరం ఒకప్పుడు గొప్ప పని చేసింది. పాత భవనాలతో పాటు కొన్ని బండలనూ వారసత్వ జాబితాలో చేర్చింది. మౌలాలి దగ్గరి సెంటినల్ రాక్ అందులో ఒకటి. అప్పట్లో జాబితాలో ఉన్న బండ జోలికి వెళ్లాలంటే అనుమతి కావాల్సి వచ్చేది. అనుమతి లేకుండా కుదిరేది కాదు. జోనింగ్ నిబంధనల్లో ఆ రక్షణనిచ్చిన 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మరి జాబితాకెక్కని బండలకు దిక్కెవరు? నా బాధంతా అదే.

అందుకే అడుగుతున్నా, గుట్ట పక్కన స్థలం కొంటున్నారా? మాస్టర్ ప్లాన్‌లో అది ఏ జోన్‌లో ఉందో ముందు అడగండి. ప్రభుత్వ భూమేమో చూడండి. బయానా ఆ తర్వాతే ఇవ్వండి.